నెత్తురు చుక్క ధర

గురువారం, అల్ హైల్

మా కంపెనీ అర్బాబ్, అంటే మా అరబ్బు యజమాని, నమీబియాలో జింకల వేటకు వెళ్తున్నాడు. బడ్జెట్ ఇవాళ పూర్తిచేశాను. ఒక్క షరతే మింగుడుపడలేదు: గాయపడ్డ జింక తప్పించుకుపోయినా పూర్తి ధర కట్టాలట. గాయమైందని తేల్చేదెవరు? అక్కడ వేటాడించేవాళ్ల గైడే. నేలమీద నెత్తురు చుక్క చూపిస్తే చాలు.

మధ్యాహ్నం ఆఫీసులో మేమిద్దరమే ఉన్నప్పుడు ఈ మాట అర్బాబ్‌కు చెప్పాను. నవ్వాడు. "తుమ్ భీ చలో. ఖూన్ తుమ్ దేఖో," అన్నాడు. నెత్తురు చూడటానికి నన్నూ తీసుకెళ్తాడట! సాయంత్రం దాకా గాల్లో తేలాను.

రూమ్‌కు రాగానే వేట ఏర్పాట్లు చూసే ఏజెంటు రూవి నుంచి ఫోన్ చేశాడు. మన కరీంనగర్ వాడే.

"అన్నా, నువ్వు గూడ వస్తున్నవట గద. గా నెత్తురు ముచ్చట పట్టించుకోకు. నీకు ముట్టేది నేను చూస్కుంట."

వీడికెవరు చెప్పారు? అప్పుడు ఆఫీసులో ఉన్నది మేమిద్దరమే. నన్ను పరీక్షించడానికి ఈ ఫోన్ అర్బాబే చేయించాడా...

పైగా నేను కుదరదనలేదు. "చూద్దాంలే" అన్నాను. ఎందుకన్నానో!

ఇప్పుడే అర్బాబ్‌కు ఫోన్ చేసి చెప్పేద్దామంటే ఆ "చూద్దాంలే" అడ్డొస్తోంది. రేపూ ఎల్లుండీ సెలవు. ఆదివారం చెబితే, ఈ రెండ్రోజులూ ఏం లెక్కలేసుకున్నావని అడుగుతాడు.