అతుకు మధ్య తెల్లగీత

బావా,

మీరు ఊరు మారిన రెండేళ్లలో మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్లో మీ గురించి అడిగితే అక్క "ఉన్నారు" అంటుంది, అంతే.

ఆ రోజు కొనేవాళ్ల ముందు పగిలిన అతుకు మీ తప్పు కాదు. నాది.

తుప్పు పట్టని స్టీలు రేకుల్ని అతకడానికి నేను తయారుచేసిన నికెల్ పూతలో బోరాన్ ఉంటుంది. పూత త్వరగా కరిగేది దానివల్లే. కొలిమిలో గంటసేపు వేడి నిలిపితే అది స్టీలులోకి ఇంకిపోతుంది. నిలపకపోతే అతుకు మధ్యలో గాజులా పెళుసుగా మిగిలిపోతుంది. కొనేవాళ్లకు ప్రదర్శన మర్నాడే. ఒక్క రోజులో కొలిమిలోంచి మూడు విడతలు దించాలి. గంటను పది నిమిషాలు చేశాను. రికార్డులో మాత్రం గంట అనే రాశాను.

మేనేజరు కారణం అడిగితే, "రేకులకు చేతి జిడ్డు అంటిందేమో" అన్నాను. సాయంత్రానికి అది "చేతి జిడ్డు వల్లే" అయి నోటీసు బోర్డెక్కింది. రేకులు కడిగి పేర్చేది మీరొక్కరే. మీరు చేతి తొడుగులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

వారం తర్వాత ఆ పగిలిన ముక్కను కోసి మైక్రోస్కోపు కింద చూశాను. అతుకు మధ్య పొడుగునా తెల్లగీత. బోరాన్ ఇంకలేదు. ముక్కను సొరుగులో పెట్టి తాళం వేశాను.

నిన్న మేనేజరు కొత్తవాళ్లకు పని చూపిస్తూ, "మన జిడ్డుచేతులాయనలా చేయకండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీరు ఏం చేయమంటే అది చేస్తాను.

మీ బావమరిది

*

బావమరిదికి,

ఉత్తరం అందింది. ఈ సంగతి నాకు తెలుసు.

నీ దగ్గరున్నది సగం ముక్కే. రెండో సగం ఆ రోజే జేబులో వేసుకున్నాను. జిడ్డుంటే పూత అంటని చోట నల్లమచ్చ కనపడాలి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క మచ్చ లేదు. ఇరవై రెండేళ్లు రేకులు కడిగినవాడికి మైక్రోస్కోపు దేనికి?

ఆ సాయంత్రమే మీ అక్కతో చెప్పబోయాను. "మా తమ్ముడు అబద్ధమాడడండీ. మీదే జిడ్డుచెయ్యి, తలుపు గొళ్లాలు చూడండి" అంది. నవ్వుతూనే అంది. ఆవిణ్ణి మనిద్దరి మధ్యా నిలబెట్ట బుద్ధికాలేదు. నువ్వే చెబుతావని ఆగాను. నీ కొలిమికి గంట చాలు. నీకు రెండేళ్లు పట్టింది.

ఏం చేయమంటే అది చేస్తానంటున్నావు. అంటే అదీ నా చేతిలోనే పెడుతున్నావు. సరే, చెబుతా విను. నేను మళ్లీ ఆ పనిలోకి రాను. మేనేజరుకు తర్వాత చెప్పు. ముందు నీ ముక్క తీసుకుని ఆదివారం ఇక్కడికి రా. నా సగం బల్ల మీద ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి మీ అక్కకు చూపించు. నీ ఉత్తరం నేను చూపించను, నువ్వే చెప్పాలి.

మనవరాలిని ఎత్తుకోబోయిన ప్రతిసారీ ఆవిడ నాకు ఇప్పటికీ సబ్బు అందిస్తోంది.

బావ