బంకమట్టిలో సుగంధరాజ గడ్డలు

మే 6

గడ్డపారకు కూడా లొంగని మట్టి పెడ్డలు. చేతులు బొబ్బలెక్కాయి. పోయిన వానల్లో నీళ్లు లోపలికి దిగక, పెట్టిన పూలగడ్డలన్నీ ఈ బంకమట్టిలోనే కుళ్లిపోయాయి. అప్పటి నుంచి మా ఆయన చేని వైపు రాడు. ఏం అడిగినా ఒకటే మాట — "ఆ మన్ను ఏం పెట్టినా మింగుతాది."

మే 9

సోమందేపల్లి వాళ్ల గొర్రెల మందను చేన్లో నిలిపించాను. నేలంతా ఎరువు. పచ్చిది, గడ్డలకు వేడి. మాగనివ్వాలి.

మే 21

వంక ఇసుక మోయడం... బంక విడిపోయేందుకు పెనుకొండ నుంచి తెచ్చిన జిప్సం చల్లడం... అన్నీ కలిపి దున్నించడం. నడుము లేవదు. అన్నం కూడా వద్దనిపిస్తోంది.

జూన్ 14

వాన పడింది. పిడికెడు మట్టి పిసికి వదిలాను. ముద్దగా నిలవలేదు, రాలిపోయింది! ఎవరికి చెప్పను? అత్తకు చెప్పాను. "ఊ" అన్నది.

నీళ్లు పక్కకు పోయేలా ఎత్తుగా బోదెలు కట్టాలి.

జూన్ 19

చేన్లో ఎవరో. నేను ఇంకా ముట్టని మూల నుంచి మన్ను తీసి పిసుకుతున్నాడు.

"ఏమప్పా, ఏం కావాల?"

"ఇటుకల బట్టీ ఉండాదక్కా నాకు. మీ ఇంటాయనే రమ్మన్యాడు. మంచి బంక. చేనంతా మోకాటి లోతు తీస్తాం, అంతే."

అంతేనట.

ఇంటికొచ్చి ఆయన్ను అడిగాను. తలెత్తలేదు. "మళ్లా కుళ్లితే నువ్వు ఏడ్చేది నేను చూడలేను."

నేను ఏడ్చింది చూశాడని ఇవాళే తెలిసింది.

జూన్ 20

నేనొక్కదాన్నే పోయి చేన్లో బోదెలు కట్టాను.

జూన్ 22

పరిగిలో మా చెల్లెలు గంపెడు గడ్డలు ఇచ్చింది. ఇల్లు చేరగానే అత్త — "రేపు మన్ను తీయను జేసీబీ వస్తాదంట." గంప దించలేదు. అట్లాగే నిలబడిపోయాను.

జూన్ 23

తెల్లారగానే చేనికి. ఎవరూ రాలేదు ఇంకా. బోదెల మీద వేలెడు లోతు, మొన పైకి... ఒక్కో గడ్డ. ఎందుకు పెడుతున్నానో నాకే తెలియదు. చేతులు పెడుతున్నాయి.

తలెత్తితే గట్టు మీద ఆయన. ఎంత సేపటి నుంచో.

"ఇంగా ఎన్ని ఉండాయి?"

"సగం గంప."

చెప్పులు విడిచి దిగాడు. బోదెలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఆ బట్టీ ఆయప్పకు రావద్దని ఫోన్ చేసినావా?" అడిగాను.

గంపలోంచి ఒక గడ్డ తీశాడు. పెట్టలేదు. చేతిలో పట్టుకుని, జేసీబీ వచ్చే దోవ వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు.