వరస రాయని పేరు

తమ్ముడు రాంచందర్‌కు,

మమత పెండ్లిపత్రికలు పంపడానికి నువ్వడిగిన అడ్రసులన్నీ ఈ కాగితాల్లో ఉన్నాయి. పది రోజులు అందరికీ ఫోన్లు చేసి రాసుకున్నాను. భివండిలో మగ్గాలు నడిపే చిన్నాయన కొడుకులు ఇల్లు మారారు, చూసుకో. ఎవరు ఏమవుతారో నీకు గుర్తుండదని ప్రతి పేరు పక్కన వరస కూడా రాశాను.

"దగ్గరోళ్లకు ఇంటికివోయి బొట్టు వెట్టి చెప్తం అక్కా, పోస్టు దూరపోళ్లకే" అని మొదట్లో నువ్వే అన్నావు.

నిన్న మమత ఫోన్ చేసింది. "అత్తా, నీ అడ్రస్ గుడ జెప్పు, పిన్‌కోడ్‌తోని. బాపు రాసుకొమ్మన్నడు" అంది. పిల్లకేం తెలుసు? చెప్పాను.

మీ బావ పోయి ఇంకా ఏడాది కాలేదు. నా నుదుటికి బొట్టు పెట్టి పిలిస్తే పెండ్లికి మంచిది కాదని ఎవరన్నారు? మరదలా, నువ్వా? ఎవరన్నా సరే, ఆ మాట నువ్వు నా ముఖం మీదే చెప్పాల్సింది. నీ బిడ్డతో అడిగించావు.

చివరి కాగితంలో నా పేరు, ఆసిఫాబాద్ అడ్రసు రాశాను. పక్కన వరస మాత్రం ఖాళీగా వదిలాను. నీకు ఏమవుతానో నువ్వే రాసుకో.