ముందు సూది గ్రేసీకే

సుగుణక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు ఆశా కార్యకర్తగా తిరిగిన ముడిమ్యాల వీధుల్లో ఇప్పుడు అదే పని మీద నేను తిరుగుతున్నాను. ఊళ్లో నాకింకా సొంత పేరు రాలేదు. "సుగుణమ్మ జాగల వచ్చినామె" అనే అంటారు.

ఈ రోజు బడిలో ఆడపిల్లలకు సూదులు వేశాం, పెద్దయ్యాక క్యాన్సర్ రాకుండా వేసేవి. చేవెళ్ల దవాఖాన నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎంతో ఓపికగా చెప్పింది. తల్లులు మాత్రం పిల్లల చేతులు వదల్లేదు.

"రేపు ఏమన్న అయితే ఈ డాక్టరమ్మ మల్ల వస్తదా? సుగుణమ్మయితే ఈడనే ఉంటుండె, ఇంటికి పోయి అడుగుతుంటిమి," అంది బాలమణి.

ఆ మాటకు నాకు కోపం రాలేదక్కా.

అప్పుడు నీ గ్రేసీ వచ్చి కుర్చీలో కూర్చుంది. "మా అమ్మ ఏ సూదైనా ముందు నాకే ఏపిస్తుండె. ఇది గూడ నాకే ఫస్టు," అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచింది. దానికి సూది వేయడానికి బావ పొద్దున్నే ఒప్పుకున్నాడులే.

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. బాలమణి కూడా కూతుర్ని తెచ్చింది.

అందరూ వెళ్లాక గ్రేసీ నా పక్కన కూర్చుని, చేతికి దూది అదుముకుంటూ మెల్లగా చెప్పింది. "చిన్నమ్మా, నాకు సూదంటె మస్తు బయం. చిన్నప్పటి సంది బయమే. అమ్మకు ఒక్కసారి గూడ చెప్పలె."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను ఏడిస్తె ఊర్ల ఎవ్వరు ఏపిచ్చుకోరు గదా," అంది.

నీ యాదమ్మ