ఇంజన్ మీది ఉన్ని బొంత

తారియత్,
ఫిబ్రవరి 27, 2011

మనవరాలు చిరంజీవి ఖులాన్‌కు,

అమ్మమ్మ దుల్మా ఆశీస్సులు. చలికాలం సుఖంగా గడుస్తోందా? ఇక్కడ గొర్రెలు ఒంటిమీద కండతోనే ఉన్నాయి. మీ మామయ్య లువ్సాన్ నడుము నొప్పి అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది.

ఎర్దెనెత్ పట్నం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. మూడు అక్షరదోషాలు. ఎర్ర సిరాతో దిద్ది దాచాను.

తాతయ్య పోయాక మనకు మిగిలిన వ్యాను నడపడానికి తిరిగి వస్తావా అని అడిగాను. ఇంజన్ మీద కప్పే ఉన్ని బొంతా, కింద ఆయన బిగించిన రేకూ తీసి పారేస్తేనే వస్తానన్నావు. రెండూ దండగ, రేకు లోపాల్ని దాస్తుంది అన్నావు. బొంత ఎందుకు దండగో కూడా రాశావు. నిరుడు పండగ సెలవులయ్యాక బడిపిల్లల్ని హాస్టలుకు దింపాల్సిన రోజు, మధ్యాహ్నం పన్నెండుకు బండి ఆపగానే బొంత కప్పావట. అయినా నాలుగింటికి ఇంజన్ గడ్డకట్టింది. కప్పినా గడ్డకట్టేదానికి కప్పడమెందుకని అడిగావు.

నలభై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. కొలవకుండా జవాబివ్వను. జనవరిలో, చలి మైనస్ ముప్ఫై దాటిన ఇరవై రోజులు పరీక్షించాను. పది రోజులు బొంత కప్పి, పది రోజులు, గడ్డకట్టి పగలకుండా రేడియేటర్ నీళ్లు దించేసి, కప్పకుండా. ఆపిన నాలుగు గంటలకు లువ్సాన్ చేత ఇంజన్ లేపే ఇనప పిడి తిప్పించాను. కప్పిన రోజుల్లో ఆరు తిప్పులకు మించలేదు. కప్పని రోజుల్లో ముప్ఫై ఒకటి, నలభై, ఒకరోజు అసలు లేవలేదు. ఆ రోజు వాడు పిడి మంచులో పడేసి, అమ్మా, ఈ పరీక్ష బొంతకా నా నడుముకా అన్నాడు. రెంటికీ అన్నాను.

రేకు సంగతి వేరు. తాతయ్య బండిని గుర్రంలాగే చూసేవాడు. చెమట పట్టిన గుర్రానికి చలిలో వెంటనే జీను దించకూడదు కదా, అలాగే వేడి ఇంజన్‌కు ముసుగులు విప్పకూడదనేవాడు. చల్లారాక చూద్దామనేవాడు. ఆయన బండి చల్లారిందెప్పుడు? ఆ రేకు విప్పించాను. దానిమీద నాలుగు వేళ్ల మందాన నూనెలో నానిన దుమ్ము. పైన ఇంజన్ నుంచి నూనె ఎన్నేళ్లుగా కారుతోందో ఎవరికీ తెలియదు. రేకు లోపాల్ని దాస్తుందని నువ్వన్నది నిజం. అదిప్పుడు పిడకల పెట్టెకు మూత అయింది.

కాబట్టి బొంత ఉంటుంది, రేకు పోయింది.

నిరుడు లువ్సాన్ నీ చేతిలోంచి బండి తాళం లాక్కున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పన్నెండుమంది పిల్లలు మూటలతో మంచులో నిలబడి చూస్తుంటే, బొంత కప్పకుండా నిద్రపోయి ఇప్పుడు అబద్ధమాడుతున్నావా అన్నాడు. కప్పానని రెండుసార్లు అన్నావు. తర్వాత పట్నం వెళ్లి మెకానిక్ షెడ్డులో చేరావు.

తాళం ఇప్పుడు నా పెట్టెలో ఉంది. గడ్డి మొలిచేలోగా రా. నువ్వు మొదటిసారి బయలుదేరే రోజున దారి శుభం కావాలని బండి వెనక పాలు చల్లేది నేనే.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క.: అసలు మాట పైన రాయలేకపోయాను. ఆ రోజు నువ్వు పన్నెండూ ఐదుకు బొంత కప్పావు. గుమ్మంలోంచి చూశాను. రాత్రంతా బండి నడిపి వచ్చావు, పడుకున్నావు. ఒంటిగంటకు నల్లమేక నెల ముందే ఈనింది. పిల్ల తడిగా వణుకుతోంది. చేతికందింది ఆ బొంతే, ఇంకా వెచ్చగా ఉంది. తీసుకెళ్లి చుట్టాను. మూడున్నరకు మళ్లీ ఇంజన్ మీద కప్పాను. లువ్సాన్ నీ మీద అరుస్తుంటే, బొంత తీసింది నేనేనని చెప్పలేదు. తప్పు ఒప్పుకోండి అని బడిలో ఎంతమందిని నిలబెట్టానో.

నీ తర్కంలో దోషం లేదు ఖులాన్. నీకు దొరికిన కొలతే తప్పు. అది నా వల్ల.

పొద్దున లువ్సాన్‌కు చెప్పాను. వాడు పొయ్యిలో పిడక వేశాడు. తర్వాత లేచి, ఖులాన్ వచ్చేసరికి బండి కడిగి ఉంచుతాను, తాళం మాత్రం నువ్వే ఇవ్వు, నాకు మొహం చెల్లదు అన్నాడు. ఆ పన్నెండుమంది పిల్లల ఇళ్లకూ ఈ వారం వెళ్లి చెప్పి వస్తాను.

మేకపిల్ల బతికింది. మేకలకు వేరే బొంత కుట్టాను. ఇంజన్‌ది ఇంజన్‌కే.