సాల్సా బూట్లు, కుడికాలి బొటనవేలు

విమలా,

అల్వాల్ నుంచి రాగానే ముందు అన్నం తిను, కుక్కర్‌లో ఉంది. తర్వాత బీరువాలోని నా షుగర్ రిపోర్టుల ఫైలు తీసుకుని, నేనెప్పుడూ షుగర్ చూపించుకునే ఆస్పత్రికి రా. అతీక్ భాయ్ ఆటోలో నేను ముందే వెళ్తున్నాను. మధ్యాహ్నం నా కుడికాలి బొటనవేలు తీసేస్తారు.

షుగర్ తగ్గాలని సాల్సా డాన్సు క్లాసులో చేరితే, "యాభై రెండేండ్లకు ఈ ఎగురుడేందయ్యా, నల్గురు నవ్వరా?" అన్నావు. మూడు నెలల్లో షుగర్ నిజంగానే తగ్గింది. కానీ రెజిమెంటల్ బజార్‌లో కొన్న కొత్త బూట్లు వేలిని కొరికేశాయి. షుగర్ వల్ల కాళ్లకు స్పర్శ లేదు కదా, సాక్సుకు నెత్తురంటితే గానీ తెలియలేదు. చెబితే క్లాసు మాన్పిస్తావని పసుపు అద్ది దాచాను. నిన్నటికి వేలు నల్లబడింది. డాక్టరమ్మ చూసి, "ఇన్ని రోజులు ఏం జేసిన్రు? ఇంకా ఆగితే పాదం సుత పోతది" అని కోప్పడింది.

డాన్సును తిట్టకు, దాచింది నేను. అయినా ఒక మాట చెప్పాలి. క్లాసులో అందరూ జంటలే. నేనొక్కడినే గోడ పక్కన అడుగులు లెక్కపెట్టుకునేవాణ్ని. ఒక్కసారి వచ్చినా ఆ నెత్తురు నువ్వు చూసేదానివి.

ఫోన్ చేయలేదు. నీ గొంతు వింటే వెళ్లలేను.

బిక్షం

నెల రోజులుగా నీ అరికాళ్లు మొద్దుబారాయంటున్నావు. ఇవాళ వచ్చినప్పుడు, నా దగ్గరికి రాకముందే, చెప్పులు విడిచి ఆ డాక్టరమ్మకు చూపించు.