మా దీపానికి పన్ను చాలలేదు

ఎల్లారెడ్డి

పావురం పార్శిల్ సర్వీస్, కామారెడ్డి శాఖ మేనేజర్ గారికి,

ఎల్లారెడ్డి నుంచి హన్మండ్లు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా పెట్టె క్షేమమో కాదో మీరే చెప్పాలి, అది మీ దగ్గర ఉంది.

విషయం ఏమిటంటే, మేము కొత్త ఇల్లు కట్టుకున్నాం. మా బావమరిది మహేందర్ మస్కట్‌లో పని చేస్తాడు. వాళ్ళ అక్కకు కానుకగా హాల్లో వేలాడదీసే పెద్ద దీపాల గుత్తి, అదే షాండ్లియర్, విదేశీ కంపెనీలో ఆర్డర్ చేసి పంపాడు. అది బొంబాయిలో దిగిందని, కస్టమ్స్ వాళ్ళు సుంకం వేశారని, దాన్ని మా తరఫున మీరే కట్టారని, ఆ సొమ్ము మీకిస్తే గాని పెట్టె ఇవ్వరని నిన్న నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. వస్తువు వెల పద్దెనిమిది వేలట. సుంకం, మీ చార్జీలు కలిపి ఎనిమిది వేల చిల్లరట.

ఆ అంకె చూసినప్పటి నుంచి మా ఇంట్లో అన్నం సహించడం లేదు. నా భార్య కమలవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇదెక్కడి లెక్కండీ? ఎడారిలో చెమటోడ్చి పంపినవాడి కష్టాన్ని ఇట్లాగేనా చూసేది? ఈ నెలాఖరుకు గృహప్రవేశం. ఆలోగా లెక్క సరిచేసి పెట్టె పంపగలరు. సరిచేసేదాకా నేను వదిలే మనిషిని కాదు.

ఇట్లు,
వదలని హన్మండ్లు

తా.క.: మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఒకటి నొక్కమంది. నొక్కాను. పాట వచ్చింది. పాట బాగానే ఉంది గాని మనిషి రాలేదు. అందుకే ఈ ఉత్తరం రాసి, మా వీధికి పార్శిళ్ళు తెచ్చే మీ భూమయ్య చేతికిస్తున్నాను.

*

కామారెడ్డి

శ్రీ హన్మండ్లు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం భూమయ్య తెచ్చిచ్చాడు. చేత్తో రాసిన ఉత్తరం మా ఆఫీసుకు రావడం ఇదే మొదలు. అందరం తలా ఒకసారి చదువుకున్నాం.

మీ బాధ అర్థమైంది. మాకు రోజూ ఎదురయ్యే బాధే ఇది. విదేశాల నుంచి ఏది తెప్పించుకున్నా దాని వెలను బట్టి సుంకం పడుతుంది. కానుక అని రాసినా వదలరు. అయినా మీరు దిగులు పడకండి. కొన్నప్పటి బిల్లు ఒకటి పంపండి. అసలు ధర ఇంకా తక్కువని తేలితే పన్ను తగ్గించమని పై ఆఫీసుకు నేనే రాస్తాను. గృహప్రవేశం అంటున్నారు కాబట్టి సగానికి సగం తగ్గేలా నా ప్రయత్నం నేను చేస్తాను.

భవదీయురాలు,
సుధారాణి, మేనేజర్

తా.క.: అమ్మగారిని ఏడవొద్దని చెప్పండి. ఆ పాట తీసేయమని నేనూ రెండేళ్ళుగా చెబుతున్నాను.

*

ఎల్లారెడ్డి

సుధారాణి మేడమ్ గారికి,

తగ్గిస్తారా! మీ ఉత్తరం రాగానే ఇంట్లో గట్టిగా చదివాను. అదే నేను చేసిన తప్పు. "సగానికి సగం" అన్న మాట దగ్గర కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. చాలాసేపు బయటికి రాలేదు.

మేడమ్, నేను అడిగింది పన్ను పెంచమని. మా మహేందర్ పంపిన దీపం అరవై వేలది. దాన్ని పట్టుకుని పద్దెనిమిది వేల సరుకుకు వేసినట్టు పన్ను వేస్తే మా పరువేం కావాలి?

మీరు కామారెడ్డిలో ఉండే మనిషి, మీకు తెలియనిది కాదు. ఫంక్షన్ అన్నాక కానుకలు మైకులో చదువుతారు. ఇల్లాలి పుట్టింటి కానుక అందరికంటే ముందు చదువుతారు. పిట్లం నుంచి మా అక్క సాలవ్వ వచ్చి మైకు దగ్గరే కుర్చీ వేసుకుంటుంది. ఈ ఇంటికి ముగ్గు పోసిన రోజున నలుగురిలో కమలను పట్టుకుని, "ఏందే కమలా, నీ తమ్ముడు గల్ఫ్ పోయి ఇన్నేండ్లాయె, నీకేం పంపిండు?" అని అడిగింది. కమల నవ్వేసింది గాని, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈసారి మైకులో అరవై వేలని చదవాల్సిందే. ఊరికే చదివితే మా అక్క నమ్మదు. "ఏదీ, కాయితం సూపియ్యి" అంటది. అందుకే సర్కారు పన్ను వేసిన రసీదు కావాలి. అరవై వేలకు ఎంతవుతుందో అంత వేయండి, కళ్ళు మూసుకుని కడతాను.

ఇట్లు,
పన్ను కట్టడానికి సిద్ధంగా ఉన్న హన్మండ్లు

తా.క.: అంతకంటే కొంచెం ఎక్కువ వేసినా నాకు అభ్యంతరం లేదు.

*

కామారెడ్డి

హన్మండ్లు గారికి,

నమస్కారం. పన్ను తగ్గించమని బతిమాలినవాళ్ళను చూశాను, తిట్టినవాళ్ళను చూశాను. ఒకాయనైతే తగ్గించేదాకా ఇవ్వనని మా ఆఫీసు కుర్చీ ఎత్తుకుపోయాడు. పెంచమని అడిగినవారు మాత్రం మీరొక్కరే.

ఏం చేయాలో తోచక, మీ ఉత్తరం ఫోటో తీసి హైదరాబాద్‌లో ఉన్న మా పై ఆఫీసుకు పంపాను. పంపకుండా ఉండాల్సింది. "పన్ను ఎక్కువ కడతానని ఎవరైనా వెంటపడితే, ముందు ఆ పెట్టెలో ఏముందో చూడండి" అని జవాబు వచ్చింది. ఇప్పుడు మీ పెట్టెకు ఎర్ర స్టిక్కర్ అంటించి విడిగా ఒక గదిలో పెట్టారు. దానికి వాచ్‌మన్‌ను కూడా పెట్టారని విన్నాను.

మీరు ఎవరో, మహేందర్ గారు మీకు ఏమవుతారో రుజువులు పంపండి. పెట్టెను విడిపించే పూచీ నాది. అరవై వేలని బిల్లు ఉంటే అదీ పంపండి. ఉంటే మీ పన్ను పెరిగే అవకాశం ఉంది. ఇలాంటి వాక్యం రాస్తానని నేను కలలో కూడా అనుకోలేదు.

భవదీయురాలు,
సుధారాణి

తా.క.: మీ సాలవ్వ గారి లాంటి మనిషి మా ఇంట్లోనూ ఒకరున్నారు. మా మేనత్త. నిరుడు నా నిశ్చితార్థంలో మైకు ఆవిడే పట్టుకుంది.

*

ఎల్లారెడ్డి

సుధారాణి మేడమ్ గారికి,

రుజువులు అడిగారు కాబట్టి పంపుతున్నాను. నా ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుబుక్కు, కొత్త ఇంటి కరెంటు బిల్లు, అన్నిటికీ జిరాక్సులు. చుట్టరికానికి రుజువుగా మా పెళ్ళి ఫోటో. కమల పక్కన ముక్కు కార్చుకుంటూ ఏడుస్తున్న పిల్లవాడే మహేందర్. అక్కను తీసుకుపోవద్దని ఆ రోజు నా పంచె పట్టుకుని వదల్లేదు. ఫోటో మాత్రం అసలుదే, తిరిగి ఇవ్వాలి.

పెట్టెలో ఏముందో చూడాలంటే విప్పి చూసుకోమనండి. చూశాక మళ్ళీ మెత్తగా సర్దమనండి, అన్నీ పూసలే. బిల్లు మాత్రం అడగొద్దు. బిల్లు పంపలేను. ఎందుకని కూడా అడగొద్దు.

గృహప్రవేశం గురువారం. బుధవారం పొద్దుటికి దీపం రాలేదనుకోండి, మా చుట్టాలందరినీ ట్రాక్టర్ ఎక్కించుకుని కామారెడ్డి వస్తాం. మీ ఆఫీసు ముందే పొయ్యి పెట్టి పాలు పొంగిస్తాం. కానుకలు అక్కడే చదివిస్తాం. మైకు మాట్లాడి పెట్టాను. మా ఇల్లు ఎల్లారెడ్డిలో ఉన్నా, మా దీపం ఎక్కడుంటే మా ఫంక్షన్ అక్కడే.

ఇది బెదిరింపు అనుకోకండి. ఆహ్వానమే. శుభలేఖ జతచేశాను.

ఇట్లు,
ట్రాక్టర్ సిద్ధం చేసుకుంటున్న హన్మండ్లు

తా.క.: కట్టెలు మేమే తెచ్చుకుంటాం. మీరు ఇబ్బంది పడొద్దు.

*

కామారెడ్డి

హన్మండ్లు గారికి,

మీ చుట్టాలను ట్రాక్టర్ దింపేయండి. పెట్టెను విడిపించాను. మీ పెళ్ళి ఫోటో చూపించి పై ఆఫీసులో అరగంట పోట్లాడాను. ఏడుస్తున్న పిల్లవాడిని చూసి వాళ్ళే మెత్తబడ్డారు. ఎర్ర స్టిక్కర్ పీకేశారు. మంగళవారం సాయంత్రానికి భూమయ్య మీ గుమ్మంలో దించుతాడు. ఫోటో పెట్టె మీద అతికించి పంపుతున్నాను, జాగ్రత్తగా తీయండి.

కాని పన్ను పెంచడం నా చేతిలో లేదు. అమ్మినవాళ్ళు పెట్టె మీద రాసిన వెల పద్దెనిమిది వేలే. దాని మీద ఎంత పడుతుందో అంతే తీసుకోవాలి, రూపాయి తక్కువైనా తప్పే, రూపాయి ఎక్కువైనా తప్పే. మీరు ఎంత గట్టి మనిషో నాకు తెలిసింది. నేనూ అంతే గట్టిదాన్ని.

అయితే ఒక మాట చెబుతాను, వినండి. మైకులో వెల చదివించకండి. పన్ను చదివించండి. మా కంపెనీ ఇచ్చే రసీదులో వెల ఉండదు, కట్టిన సుంకం, చార్జీలు మాత్రమే ఉంటాయి. మీ ఊళ్ళో గొలుసులు చదివించి ఉంటారు, బీరువాలు, ఫ్రిజ్‌లు చదివించి ఉంటారు. బొంబాయిలో సర్కారు ఆపి సుంకం వసూలు చేసిన కానుకను ఎవరైనా చదివించారా?

గౌరవంతో,
సుధారాణి

తా.క.: అడగొద్దన్నారు గాని ఉండబట్టక అడుగుతున్నాను. బిల్లు ఎందుకు పంపలేరు?

*

ఎల్లారెడ్డి

బిడ్డా సుధారాణీ,

ఇక నిన్ను మేడమ్ అనలేను. నువ్వు చెప్పినట్టే చేశాను.

మైకు అతను గొంతు సవరించుకుని, "కమలవ్వ తమ్ముడు మహేందర్ పంపిన విదేశీ దీపం! దీని మీద సర్కారోళ్ళకు కట్టిన సుంకం, చార్జీలే ఎనిమిది వేల చిల్లర!" అని చదివాడు. మా అక్క సాలవ్వ పక్కనున్న ఆవిడ మోచేతిని పట్టుకుని, "సుంకమే గంతయితే దీపం ఎంతుంటదే?" అంది. ఆవిడ, "లక్షకు తక్కువ ఉండదక్కా" అంది. బంతి భోజనాలు మొదలయ్యేసరికి అది లక్షన్నర అయింది. నేను ఊరికే అరవై దగ్గర కష్టపడ్డాను.

మా అక్క లేచి వెళ్ళి కమల బుగ్గలు నిమిరి, "నీ తమ్ముడు నిన్ను మరువలేదు పో" అంది. కమల కళ్ళనిండా నీళ్ళు. ఆ ఒక్క మాట కోసమే బిడ్డా నేను ఇంత యుద్ధం చేసింది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. బిల్లు నా పేరు మీద ఉంది. ఆ దీపం కొన్నది నేనే. మహేందర్ పని చేసే కంపెనీ మూతపడింది. జీతం లేక, టికెట్ లేక, క్యాంపు గదిలో పడి ఉన్నాడు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. అక్కకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే వడ్ల డబ్బులు రాగానే, ఫోనుతో కుస్తీ పట్టి విదేశీ కంపెనీలో ఆర్డర్ పెట్టాను. పంపినవారి పేరు అడిగిన చోట మహేందర్ అని రాశాను. నిజామాబాద్‌లో కొంటే విదేశం ముద్ర ఉండదు, కమల నమ్మదు. అరవై వేలన్నది నా నోటికి వచ్చిన అంకె.

కమలకు ఈ సంగతి తెలిస్తే కుంగిపోతుంది. నీ దగ్గరే దాచు.

నీ బాపు లాంటి
హన్మండ్లు

తా.క.: దీపం మరీ కిందికి వేలాడుతోంది. లేచినప్పుడల్లా నా తలకు తగులుతోంది. లక్షన్నర దీపం కదా, నేనే వంగి నడుస్తున్నాను.

*

ఎల్లారెడ్డి

బిడ్డా సుధారాణికి,

నేను కమలవ్వను రాస్తున్నా. ఏడో తరగతితో చదువు ఆపేశాను, తప్పులుంటే ఏమనుకోకు. మా ఇంటాయన పొలానికి పోయిన సందు చూసి రాస్తున్నా.

మీ మొదటి మెసేజ్ రావడానికి రెండు రోజుల ముందే మహేందర్ నాకు ఫోన్ చేశాడు. "అక్కా, పని పోయింది. నీ ఇంటికి నేనేం పంపలేను. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు. బావకు మాత్రం నాకు తెలిసినట్టు చెప్పొద్దన్నాడు, నాకు చెప్పనని ఆయనతో ముందే ఒట్టు వేయించాడట గదా. అట్లాంటిది వాని పేరు మీద పెట్టె వచ్చిందంటే, పంపింది ఎవరో నాకు తెలియదా? ఎల్లారెడ్డి అంగట్లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం చేసే మనిషి, నా కోసం పన్ను పెంచమని ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. అది చూసి ఏడ్చాను బిడ్డా, వెల తక్కువైందని కాదు. నువ్వు సగానికి సగం తగ్గిస్తానన్న రోజు వంటింట్లోకి పరుగెత్తింది మాత్రం ఏడవడానికి కాదు. ఆయన మొహం చూసి నవ్వు ఆగక.

నాకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియనీయకు. రోజూ సాయంత్రం ఆ దీపం కింద కూర్చుని, "మీ తమ్ముడు మంచోడు కమలా" అంటాడు. "మంచోడే. గంత మంచోడు ఇంకొకడు ఉండడు" అంటాను, ఆయన మొహంలోకే చూస్తూ.

నీకు మేలు జరగాలని కోరే
కమలవ్వ

తా.క.: దేవుడి దయ, మహేందర్ మొన్ననే ఇంకో కంపెనీలో కుదిరాడు. నా పాల డబ్బులు పెట్టి మా ఇంటాయన కోసం ఒక మంచి చేతి గడియారం విదేశీ కంపెనీలో ఆర్డర్ చేయించాను. పంపినవారి పేరు మహేందర్ అనే ఉంటుంది. ఈసారి మెసేజ్ నా నంబరుకు పంపు. బిల్లు అడగకు. పన్ను ఎంత పడితే అంత కడతా, తగ్గించకు.